కొన్నేళ్లు కడలిపై.. కొన్నేళ్లు ఒడ్డున
కోస్ట్‌గార్డు అధికారి కొలువు తీరు ఇది

విశాఖపట్నం తీరానికి ఆవల 2019 ఆగస్టు 12న కోస్టల్ జాగ్వార్ అనే నౌకలో మంటలు చెలరేగాయి. ప్రాణాలు దక్కించుకునేందుకు సిబ్బంది 29 మంది సముద్రంలోకి దూకారు. కోస్ట్‌గార్డు నౌక రాణీ రష్మోణి హుటాహుటిన అక్కడికి చేరి 28 మందిని కాపాడింది. ఒకరు గల్లంతయ్యారు. రాణీ రష్మోణి విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులోనే తయారు కావడం విశేషం.

ఇటువంటి సమయాల్లో అందరి కళ్లూ నౌకపైనే ఉంటాయి. ఆపద వర్తమానం అందుకుని, దగ్గరలో ఏ నౌక ఉందో చూసి దారి మళ్లించే అధికారి మాత్రం ఒడ్డున ఓ గదిలో కూర్చుని ఉంటారు. మొన్నటి వరకు నౌకకు సారథ్యం వహించినవారే నేడు ఆ కుర్చీలో ఉంటారు, రేపు మళ్లీ నౌక ఎక్కుతారు. ఆయన పేరు పత్రికలకు ఎక్కడం అరుదు.

సముద్ర మార్గంలో సాగుతున్న దొంగ రవాణాకు అడ్డుకట్ట వేసేందుకు 1974లో ఏర్పాటైన రుస్తుంజీ కమిటీ సిఫార్సుల మేరకు ఈ దళం రూపుదిద్దుకుంది. 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికంగా ప్రారంభమై, 1978లో చట్టబద్ధత పొందింది. నౌకాదళం ఇచ్చిన రెండు ఫ్రిగేట్లు, ఐదు గస్తీ పడవలే నాటి ఆస్తి. కమాండెంట్ అన్న హోదా విని పోలీసు కొలువని పొరబడేవారు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఇది రక్షణ మంత్రిత్వశాఖ పరిధిలోనిది.

ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివిన పట్టభద్రులు సాధారణ విధుల విభాగంలో అసిస్టెంట్ కమాండెంట్‌గా అడుగుపెట్టవచ్చు. కేరళలోని ఎజిమల నావికా అకాడమీలో తొలి శిక్షణ, ఆపై నౌకలపై అనుభవం. తర్వాత డిప్యూటీ కమాండెంట్, కమాండెంట్, డీఐజీ, ఐజీ.. ఇలా మెట్లు. పైలట్లది మరో దారి. అందులోని ముప్పు తక్కువేమీ కాదు. 2024 సెప్టెంబరు 2 రాత్రి గుజరాత్‌లోని పోర్‌బందర్ తీరానికి ఆవల, ఓ ట్యాంకర్‌లో గాయపడిన వ్యక్తిని తెచ్చేందుకు వెళ్లిన హెలికాప్టర్ సముద్రంలో కూలింది. అందులోని నలుగురిలో ఒక్కరే బతికి బయటపడ్డారు.

రాకేశ్ పాల్ ప్రస్థానం

కడలికీ ఒడ్డుకూ నడుమ సాగే ఈ ఉద్యోగ జీవితానికి రాకేశ్ పాల్ ప్రస్థానమే నిదర్శనం. 1989 జనవరిలో చేరిన ఆయన కొచ్చిలోని ఐఎన్ఎస్ ద్రోణాచార్యలో ఫిరంగి విద్య అభ్యసించి, దళంలో తొలి గన్నర్‌గా గుర్తింపు పొందారు. చిన్నదైన సి-03 మొదలు అహల్యాబాయి, సుచేతా కృపలానీ, విజిత్, సమర్థ్ వరకు అన్ని తరగతుల నౌకలకూ సారథ్యం వహించారు. ఒడ్డున గుజరాత్‌లోని ఓఖా, వాడినార్ స్థావరాలు చూసుకున్నారు. ఢిల్లీ ప్రధాన కార్యాలయంలో కట్టడాలు, పరిపాలన, విధాన రూపకల్పన వంటి బాధ్యతలు మోశారు. నౌక నడిపిన చేతికి దస్త్రాలు అప్పగించడం వృథా అనుకునేవారుంటారు. జెట్టీ లేనిదే నౌక ఆగేదెక్కడ? 2023 జులైలో ఆయన 25వ డైరెక్టర్ జనరల్‌గా నియమితులయ్యారు.

మన రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లా ప్రధాన కేంద్రం కాగా కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నంలలో స్థావరాలున్నాయి. తుపాను ముందు వేటలో ఉన్న పడవలను వెనక్కు మళ్లించడం, మత్స్యకార గ్రామాలకు వచ్చి లైఫ్‌జాకెట్ ఎందుకు వేసుకోవాలో వివరించడం ఇక్కడి అధికారుల విధుల్లో భాగం. ఆ జాకెట్‌ను పడవలో ఓ మూలన పడేసి వేటకు పోయే అలవాటు మన తీరంలో ఇంకా పోలేదు.

భారత్ బాధ్యత వహించే సముద్ర గాలింపు, రక్షణ ప్రాంతం సుమారు 46 లక్షల చదరపు కిలోమీటర్లు. ముంబయి, చెన్నై, పోర్ట్‌బ్లెయిర్‌లలోని సముద్ర రక్షణ సమన్వయ కేంద్రాలు దీనిని పంచుకుంటాయి. చెన్నై కేంద్రం కొత్త భవనాన్ని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ 2024 ఆగస్టు 18న ప్రారంభించారు. విధి నిర్వహణలో భాగంగా ఆ నగరానికి వచ్చిన రాకేశ్ పాల్ అదే రోజు గుండెపోటుకు గురై, అక్కడి రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో కన్నుమూశారు.

తూర్పు తీరంలో ఆపదలో ఉన్న పడవల గాలింపును సమన్వయపరిచేది ఆ చెన్నై కేంద్రమే. కోస్ట్‌గార్డు సాయానికి పిలవవలసిన నంబరు 1554.