గడ్డిలో నల్ల మసి: ఉక్రెయిన్ గుర్రాలను చంపింది ఎవరు?

ఈ వారం ఎపిసోడ్‌లో ఉక్రెయిన్ గుర్రాల ముచ్చట చెప్పిన. టైం చాలక కొన్ని ముక్కలు వదిలేసిన. డ్యూటీలో ఉండి వినలేనివాళ్ల కోసం మొత్తం ఇక్కడ రాస్తున్న.

ఇది 1931లో మొదలైంది. అప్పుడు ఉక్రెయిన్ సోవియట్ యూనియన్‌లో భాగం. రైతుల భూములు, గొడ్లు, గుర్రాలు అన్నీ లాక్కుని సామూహిక క్షేత్రాల్లో కలుపుతున్న రోజులు. ట్రాక్టర్లు తక్కువ. దున్నాలన్నా, బండి కట్టాలన్నా, సైన్యం ఫిరంగి లాగాలన్నా గుర్రమే దిక్కు. అలాంటి గుర్రాలు కొట్టాల్లో కట్టేసినచోటే చావడం మొదలైంది.

జబ్బు మొదట మూతి దగ్గర కనబడేది. పెదాలు వాచేవి, మూతి మూలలు పగిలేవి, నోట్లో పుండ్లు, చొంగ. కొన్నాళ్లకు అది తగ్గినట్టే ఉండేది. గుర్రం మేత తినేది, పనికి వచ్చేది. రైతు హమ్మయ్య అనుకునేవాడు. లోపల మాత్రం రక్తంలో తెల్లకణాలు పడిపోతూ ఉండేవి, రక్తం గడ్డకట్టే గుణం పోయేది. చివరికి ఒక్కసారిగా జ్వరం, లోపల రక్తస్రావం, కొద్ది రోజుల్లో చావు. వేల గుర్రాలు ఇలా పోయాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకునే రోగం కాదు. కొన్ని గుర్రాలు మూతి దగ్గర ఏమీ కనబడకుండానే చచ్చేవి. పేరు పెట్టడం కూడా తెలియక 'మూకుమ్మడి జబ్బు' అని రాసుకున్నారు.

అది స్టాలిన్ కాలం. గుర్రం చచ్చిందంటే ఎవడో చంపాడనే లెక్క. పశువైద్యుల్ని, ప్రొఫెసర్లను పట్టుకుపోయారు. మేతలో విషం కలిపారని కేసు. 1938లో ఉక్రెయిన్ పార్టీ పెద్దగా వచ్చిన ఖ్రుష్చెవ్ ఈ సంగతి తర్వాత తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. అరెస్టయిన ప్రొఫెసర్‌ను పిలిపించి అడిగితే, అవును, నేనే విషం పెట్టించిన అని ఒప్పుకున్నాడట. జైల్లో ఏం జరిగితే మనిషి అట్లా ఒప్పుకుంటాడో మీరే ఊహించుకోండి. అంతకుముందు కారణం వెతకడానికి వేసిన కమిషన్ల సభ్యులు కూడా అరెస్టయ్యారు. దాంతో కొత్త కమిషన్‌లో చేరమంటే శాస్త్రవేత్తలు వణికిపోయారు. నాకు ఇక్కడే మనసు ఆగిపోతుంది. గుర్రాలు ఎందుకు చస్తున్నాయో తెలుసుకోగలిగింది ఎవరో, వాళ్లనే లోపలేశారు. బయట మిగిలినవాళ్లు నోరు తెరవలేదు. గుర్రాలు చస్తూనే ఉన్నాయి.

ఖ్రుష్చెవ్ ఏదో పుణ్యాత్ముడని కాదు నేను చెప్పేది. 1938 తర్వాత ఉక్రెయిన్‌లో జరిగిన అరెస్టులకు పార్టీ పెద్దగా ఆయనకూ బాధ్యత ఉంది. కానీ ఈ ఒక్క విషయంలో ఒప్పుకోలు కాగితంతో ఆగకుండా మళ్లీ వెతకమన్నాడు.

వెతికింది విక్టర్ ద్రొబొత్కో అనే ఉక్రెయిన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు. వాళ్లు మనుషుల్ని వదిలి గడ్డిని చూశారు. కోత తర్వాత వానకు తడిసి, ఆరకముందే వాము వేసిన గడ్డి. దాని మీద నల్లటి మసిలాంటి పొర. ఆ బూజు పేరు స్టాకిబోట్రిస్. ల్యాబులో దాన్ని పెంచి మంచి గుర్రాలకు తినిపించారు. అదే మూతి వాపు, అదే రక్తం, అదే చావు. కుట్ర లేదు, విషం పోసినవాడూ లేడు. తడి గడ్డి, అంతే.

ఈ బూజుకు కావలసింది పీచు, తడి. గడ్డిలోని పీచునే తిని బతుకుతుంది. తర్వాత గడ్డి ఎండిపోయినా, బూజు చచ్చిపోయినా, అది వదిలిన విషం అట్లనే ఉంటుంది, వేడికి కూడా తొందరగా పోదు. పైన ఎండిన గడ్డి బాగానే కనబడుతుంది, మోపు మధ్యలో ఉంటుంది అసలు సంగతి. మేతగా వేసింది ఒక్కటే కాదు, పడుకోవడానికి కింద పరిచిన గడ్డిని కూడా గుర్రం కొరుకుతుంది కదా. ఆ విషాల్లో ముఖ్యమైన వాటిని రసాయనంగా విడదీసింది 1970లలో. అంటే గడ్డిని పట్టుకున్నాక కూడా మరో ముప్పై ఏళ్లు.

మక్కల కథ ఇంకా పొడుగు. అమెరికాలో కాన్సస్‌లో 1902లోనే బూజు మక్కలు తినిపించి గుర్రానికి మెదడు జబ్బు తెప్పించి చూపించారు. అయినా 1934-35లో ఒక్క ఇల్లినాయ్ రాష్ట్రంలోనే 5,000కు పైగా గుర్రాలు ఆ జబ్బుతో పోయాయి. అందులోని విషం ఫ్యూమోనిసిన్ అని దక్షిణాఫ్రికాలో తేల్చింది 1988లో. మనకూ దీనితో సంబంధం ఉంది. 1995లో దక్కన్ ఊళ్లలో వానకు తడిసిన జొన్నలు, మక్కలు తిని జనం కడుపునొప్పి, విరేచనాలతో పడ్డారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చూస్తే అందులో ఉన్నది ఈ ఫ్యూమోనిసినే. మంచి జొన్నలు అమ్ముకుని తడిసినవి తినేది ఎవరో మనకు తెలియంది కాదు.

ఎపిసోడ్‌లో చెప్పనిది ఒకటుంది. ఉక్రెయిన్‌లో గుర్రాలతోపాటు గడ్డి మోసినవాళ్లకు, గడ్డి పరుపుల మీద పడుకున్నవాళ్లకు కూడా జబ్బు చేసింది. ఒంటి మీద దద్దుర్లు, గొంతు మంట, దగ్గు, ముక్కులోంచి రక్తం.

అది చదివినప్పుడు నాకు ఒక బేస్‌మెంట్ స్టోర్ గుర్తొచ్చింది. మన జిప్సం బోర్డుకు రెండువైపులా ఉండేది కాగితం. కాగితమంటే పీచే. తడి తగిలితే ఈ బూజు దాని మీద కూడా అంతే ఇష్టంగా పెరుగుతుంది. పైపు లీకై నేల మీద పెట్టిన బోర్డులు తడిసి, ఆరి, వెనకవైపు నల్లబడ్డయి. ఇద్దరు హెల్పర్లను ఖాళీ చేయమని పంపిన, మామూలు గుడ్డ మాస్కులతో. మర్నాడు ఒకతను చేతులంతా దద్దుర్లు చూపించి, "అన్నా, గొంతు మండుతుంది, ఆ బోర్డులతోనే అయింది" అన్నడు. సెలవు కోసం నాటకం అనుకున్న. రెండోరోజు రాకపోతే వార్నింగ్ లెటర్ రాసిన.

ఆ బోర్డుల మీద ఉన్నది ఇదే బూజో కాదో ఎవరూ టెస్ట్ చేయలేదు. ఇళ్లలో నల్ల బూజు గురించి భయపెట్టే మాటలు కూడా చాలా తిరుగుతుంటయి. 1990లలో అమెరికాలో క్లీవ్‌లాండ్ పసిపిల్లల ఊపిరితిత్తుల జబ్బుకు ఇదే కారణమని మొదట అన్నవాళ్లే 2000లో రుజువు కాలేదన్నరు. కాబట్టి ఖచ్చితంగా అదే అని నేను చెప్పను. కానీ నేను పోయి బోర్డు తిప్పి చూడలేదు, అతని మొహం మాత్రమే చూసిన.

ఇప్పుడు నా సైట్‌లో తడిసిన బోర్డు ఉంటే పొడిగా కదపనివ్వను. నీళ్లు చల్లి, ప్లాస్టిక్‌లో చుట్టి, ఎన్95 మాస్కు, గ్లౌజులు వేసుకున్నాకే బయటికి.

ఆ తమ్ముడు ఇప్పుడు వేరే దేశంలో పని చేస్తున్నడు. లెటర్ మీద సంతకం నాదే. ఎపిసోడ్ లింకు పంపిన, కింద రెండు మాటలు కూడా రాసిన. రెండు టిక్కులు పడ్డయి, జవాబు ఇంకా రాలేదు.