'చేయవచ్చు' నుంచి 'చేయాలి' వరకు: వికలాంగుల సమానత్వం – బ్రిటన్ స్థానిక ప్రభుత్వాల అనుభవం

స్థానిక ప్రభుత్వాల చట్టాలు చదివేటప్పుడు మీరు క్రియాపదాలను జాగ్రత్తగా గమనించాలి. ఒక పనిని స్థానిక సంస్థ 'చేయవచ్చు' అని చట్టం చెబితే అది అధికారం. 'చేయాలి' అని చెబితే అది విధి. సొంత ఇంటి గడప దాటలేని మనిషికి ఈ తేడా చిన్నది కాదు. అధికారం మాత్రమే ఉన్న సంస్థ ఊరుకుంటే అతడు బతిమాలుకోవాలి. విధి ఉన్న సంస్థ ఊరుకుంటే నిలదీయవచ్చు. ఈ మార్పు బ్రిటన్‌లో ఎలా వచ్చిందో, ఎక్కడ ఆగిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. అధికారం: 1948 చట్టం

19వ శతాబ్దంలో పేదల చట్టం కింద వికలాంగులైన పేదలు చాలామంది వర్క్‌హౌస్‌లలోనే బతుకు వెళ్ళదీశారు. 1948 నాటి జాతీయ సహాయ చట్టం ఆ పాత చట్టానికి స్వస్తి చెప్పింది. కొత్త చట్టంలోని 29వ సెక్షన్, వికలాంగుల సంక్షేమానికి ఏర్పాట్లు చేసే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. అయితే వారి చేతికి నేరుగా డబ్బు ఇవ్వరాదని ఆంక్ష పెట్టింది. అధికారం ఉన్నా దాన్ని వాడుకోవడంలో అన్ని కౌన్సిళ్ళూ ఒకే తీరుగా లేవు. ఎవరికి ఎంత సహాయం అందుతుందన్నది వారు నివసించే ప్రాంతాన్ని బట్టి మారేది.

2. విధి: 1970 చట్టం

లేబర్ పార్టీ సభ్యుడు ఆల్ఫ్ మోరిస్‌కు 1969లో ప్రైవేటు సభ్యుల బిల్లుల లాటరీలో మొదటి స్థానం దక్కింది. ఆయన దీర్ఘ వ్యాధిగ్రస్తుల, వికలాంగుల బిల్లును ఎంచుకున్నారు. సాధారణ ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, 1970 మే 29న అది చట్టమైంది. అందులోని నాలుగు అంశాలు మీరు గుర్తుంచుకోవాలి.

మొదటిది, తమ ప్రాంతంలో వికలాంగులు ఎందరున్నారో స్థానిక సంస్థలు తెలుసుకోవాలి. రెండవది, అవసరం ఉందని తేలితే ఇంట్లో సహాయం, ఇంటికి తగిన మార్పులు, టెలిఫోన్ వంటి వాటికి ఏర్పాటు చేయాలి. మూడవది, ప్రజలు వచ్చే భవనాల్లో వీలైనంత వరకు వికలాంగులకు తగిన ప్రవేశ మార్గం ఉండాలి. నాలుగవది, స్థానిక సంస్థల కమిటీలలో వికలాంగులకు చోటు కల్పించే విషయాన్ని పరిగణించాలి. లెక్క తెలియని సమస్యకు బడ్జెట్ ఉండదు. కాబట్టి మొదటి అంశమే మిగిలినవాటికి పునాది అని చెప్పవచ్చు.

3. విధికి హద్దు

చట్టం బాధ్యత పెట్టింది. మరి డబ్బు? 1994లో గ్లౌసెస్టర్‌షైర్ కౌంటీ కౌన్సిల్ నిధులు తగ్గాయంటూ ఒక వృద్ధ వికలాంగుడికి బట్టలు ఉతికే, ఇల్లు శుభ్రం చేసే సేవలను ఆపివేసింది. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ వరకు వెళ్ళింది. 1997లో ముగ్గురు న్యాయమూర్తులు కౌన్సిల్ వైపు, ఇద్దరు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. అవసరాన్ని అంచనా వేసేటప్పుడు కౌన్సిల్ తన ఆర్థిక స్తోమతను కూడా లెక్కలోకి తీసుకోవచ్చని తేలింది. అయితే అవసరం ఉందని ఒకసారి తేల్చాక, డబ్బు లేదని తప్పుకోవడానికి వీల్లేదు.

4. ఎవరి చేతిలో నిర్ణయం?

హాంప్‌షైర్‌లోని లె కోర్ట్ అనే ఆశ్రమ గృహంలో ఉన్న కొందరు వికలాంగులు 1979లో 'ప్రాజెక్ట్ 81' ప్రారంభించారు. తమను సంస్థలో ఉంచడానికి స్థానిక సంస్థలు చెల్లించే సొమ్మునే తమ కోసం ఖర్చు పెడితే, సహాయకులను తామే నియమించుకుని ఊళ్ళో అందరి మధ్య జీవిస్తామన్నారు. 1948 చట్టంలోని ఆంక్ష అడ్డు వచ్చింది. అందువల్ల సొమ్మును మధ్యలో మరో సంస్థ ద్వారా అందించే దారి వెతికారు. 1996 చట్టం వికలాంగులకు నేరుగా డబ్బు ఇచ్చే వీలు కల్పించింది. ఇక్కడా మొదట వచ్చింది 'ఇవ్వవచ్చు' అన్న మాటే. 2001 చట్టం తరువాతే అది 'ఇవ్వాలి'గా మారింది. 2006 డిసెంబరు నుంచి వికలాంగుల సమానత్వాన్ని పెంపొందించే విషయంలో తగిన శ్రద్ధ చూపడం కౌన్సిళ్ళ విధి అయింది.

5. మన సందర్భం

73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదకొండవ షెడ్యూలులో 26వ అంశం వికలాంగుల సంక్షేమం. కాని 243జి అధికరణం ప్రకారం ఆ బాధ్యతలను రాష్ట్ర శాసనసభ పంచాయతీలకు అప్పగించ'వచ్చు'. 2016 వికలాంగుల హక్కుల చట్టం భాష వేరు. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్నవారికి పేదరిక నిర్మూలన పథకాలలో 5 శాతం రిజర్వేషన్ కల్పించాలని అది ప్రభుత్వాలతో పాటు స్థానిక సంస్థలకు కూడా చెబుతుంది. సుగమ్య నిబంధనలు పాటించని భవన ప్లానుకు అనుమతి ఇవ్వరాదని కూడా చెబుతుంది.

బ్రిటన్ అనుభవం నుంచి మీరు గ్రహించవలసింది ఇది: విధి చట్టంలో చేరడం సగం పని మాత్రమే. లెక్క, నిధులు, నిర్ణయంలో వికలాంగుల భాగస్వామ్యం తోడైతేనే అది గడప దాకా చేరుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అధికారానికి, విధికి గల తేడాను 1948, 1970 చట్టాల ఆధారంగా వివరించండి.
2. మీ గ్రామ పంచాయతీ లేదా మునిసిపల్ కార్యాలయానికి వెళ్ళండి. చక్రాల కుర్చీలో వచ్చిన వ్యక్తి ఎవరి సాయం లేకుండా లోపలికి వెళ్ళగలరా? చూసినది పది వాక్యాల్లో రాయండి.