పెంపుడు పాముల చర్మ, పొలుసు వ్యాధుల చికిత్స: చరిత్ర

బంధించి ఉంచిన పాములకు వచ్చే చర్మవ్యాధులలో కుబుసం సరిగా ఊడకపోవడం, పొట్టకింది పొలుసులు కుళ్లడం, నీటిపొక్కులు, కాలిన గాయాలు, పిడుదులు, నల్లిజాతి జీవులు, బూజు సోకడం ముఖ్యమైనవి. వీటిలో అధికభాగం పాము ఉన్న చోట తేమ, వేడి, శుభ్రత కుదరకపోవడం వల్ల పుట్టేవే కాబట్టి, ఈ చికిత్స చరిత్ర చాలావరకు పాములను ఉంచే పద్ధతుల చరిత్రే.

తెలుగునేలపై పాముల పొలుసులను శాస్త్రీయంగా పరిశీలించిన తొలినాటి వారిలో స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ అగ్రగణ్యుడు. విశాఖపట్నంలో నివసించి, 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమితుడైన ఈయన, కోరమాండల్ తీరపు పాములపై 1796లో లండన్‌లో వెలువరించిన బృహద్గ్రంథంలో ఒక్కొక్క పాముకు పొట్టమీది అడ్డుపొలుసులను, తోక కింది పొలుసులను ఓపికగా లెక్కించి, రంగుల పటాలతో పాటు కాటుక రేకుల పొడ, జెర్రిపోతు, పెద్దపొడ వంటి స్థానిక నామాలను కూడా నమోదు చేశాడు. వీటిలో మొదటిదైన రక్తపింజర అనంతర కాలంలో ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. విషసర్పాలను గుర్తించడమే రస్సెల్ లక్ష్యం గాని పాముల ఆరోగ్యం కాదు. అయినా ఆరోగ్యంగా ఉన్న పొలుసుల అమరికకు ఆ శ్రద్ధాళువు కూర్చిన వర్ణన నేటికీ విలువైనది. ఆయన తరువాత శతాబ్దానికి పైగా ఈ ప్రాంతంలో పాము వైద్యమంటే పాముకాటు వైద్యమే.

చీరాల సమీపంలోని ఈపురుపాలెం నుంచి బాపట్ల, రేపల్లె వరకు సాగే తీరంలో పాములు పట్టడంలో యానాదులు నేర్పరులు. ఊరూరా తిరిగి ఆడించినవారు పాములవాళ్లు. గాలి తక్కువై, అడుగు తడిసి ఉండే బుట్టలో చుట్టుకుని రోజుల తరబడి పడి ఉన్న తాచుకు పొట్టపొలుసులు ఎర్రబారి, పొక్కి, చివరకు పుండ్లవుతాయి. పండుగనాడు పాముపై చల్లే పసుపు, కుంకుమ కూడా కళ్లకు, చర్మానికి హానికరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములాడించే వృత్తిని చట్టవిరుద్ధం చేసింది.

పాశ్చాత్య దేశాలలో, పాముల రక్తం పీల్చే నల్లిజాతి జీవిని 1844లో ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు గెర్వే వర్ణించగా, అది ప్రాణాంతక బాక్టీరియాను ఒక పాము నుంచి మరొకదానికి చేరవేయగలదని 1948లో శాస్త్రవేత్త జోసెఫ్ కామిన్ చూపాడు. 1980లలో ఇటువంటి పరాన్నజీవులను చంపే ఐవర్‌మెక్టిన్ వాడుకలోకి వచ్చింది; పాములకు మేలుచేసిన ఈ మందు తాబేళ్లకు ప్రాణాంతకమని 1983లోనే తేలింది. 2009లో అమెరికాలో ఒక పాము నుంచి వేరుచేసి వర్ణించిన, చర్మవ్యాధి కలిగించే బూజును 2013లో ఆఫిడియోమైసిస్ అనే కొత్త ప్రజాతిలో చేర్చారు.

నేటి చికిత్సలో మందు కన్నా ముందు చూసేది కుబుసాన్నే. విడిచే ముందు పాత, కొత్త పొరల నడుమ ద్రవం చేరి పాము కళ్లు పాలనీలంగా మారతాయి. ఊడిన కుబుసంలో తలభాగాన రెండు గుండ్రని పారదర్శకపు టోపీలు కనిపించకపోతే, అవి కంటిపైనే నిలిచిపోయినట్లు లెక్క. అప్పుడు గిల్లి లాగకుండా, గోరువెచ్చని నీటిలో, తడిబట్టల నడుమ ఉంచి, తేమ పెంచి తరువాతి కుబుసం దాకా ఆగడమే ఉత్తమం. కుళ్లిన పొలుసులను పలచని టీరంగు వచ్చేలా నీరు కలిపిన పొవిడోన్ అయోడిన్‌తో కడిగి, పొడి కాగితంపై ఉంచుతారు. పుండు లోతుకు దిగితే పశువైద్యుడు సూక్ష్మజీవి పరీక్ష చేసి యాంటీబయాటిక్ నిర్ణయించాలి.

స్వదేశీ పాములను ఇళ్లలో ఉంచడం నేరం కావడంతో, తెలుగు రాష్ట్రాలలో ఈ వైద్యం హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాల (1963), విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల (1977) వంటి సంస్థలకూ, 1995లో హైదరాబాదులో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి రక్షక బృందాలకూ పరిమితమైంది. పెంపకందారులకు మిగిలినవి బాల్ పైథాన్ వంటి విదేశీ జాతులే. అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉన్న ఇటువంటి జీవులను 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన కేంద్ర నిబంధనల ప్రకారం ఆ ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి.