మధ్యాహ్న భోజన పథకం (గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్)

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో పిల్లలకు ఉచితంగా అన్నం పెట్టే పథకం. 2016 అక్టోబర్ 11న విడిపోయేదాకా ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే కనుక, అప్పటివరకు దీని చరిత్ర ఆ జిల్లా (పాలమూరు) చరిత్రే.

1995 ఆగస్టు 15న కేంద్రం మొదలుపెట్టిన పథకంలో చాలాచోట్ల పిల్లలకు అందింది అన్నం కాదు, బియ్యం. ప్రాథమిక తరగతుల వారికి నెలకు 3 కిలోలు, అదీ 80 శాతం హాజరుంటేనే. వలసల జిల్లా అయిన పాలమూరులో ఇది అవసరమున్నవాళ్లనే వదిలేసే షరతు. గద్వాల ప్రాంతమైన నడిగడ్డలో విత్తనాల కోసం సీడ్ పత్తి పూల క్రాసింగ్‌కు పోయిన పిల్లకు, అమ్మానాన్నల వెంట వలస వెళ్లిన పిల్లవాడికి అంత హాజరు ఎక్కడిది?

2001 నవంబర్ 28న పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలంది. కనీసం 300 కేలరీలు, 8–12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి 200 రోజులు తప్పనిసరి చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడుల్లో పొయ్యి వెలిగింది. వంట డ్వాక్రా మహిళల చేతికొచ్చింది. ఆ పూట బడికొచ్చిన వాళ్లకు ఆ పూట అన్నం. నెలంతా హాజరు లెక్క చూసే పని లేదు. ఈ పథకం చరిత్రలో అసలు మలుపు ఇదే. తర్వాత 6–8 తరగతులు, రాష్ట్రం సొంత ఖర్చుతో 9, 10 తరగతులు చేరాయి. 2013 ఆహార భద్రత చట్టం 8వ తరగతి వరకు దీన్ని హక్కుగా మార్చింది. 2015 జనవరి నుంచి తెలంగాణ సన్నబియ్యం ఇస్తోంది.

ప్రాథమిక విద్యార్థికి రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆపై వారికి 150 గ్రాములు. బియ్యం సర్కారుదే. పప్పు, కూరగాయలు, నూనె మాత్రం వంట ఏజెన్సీ, అంటే వండే డ్వాక్రా మహిళలే, కొనాలి. బిల్లు ఆలస్యమైతే కిరాణా కొట్టులో ఉద్దెర ఆ మహిళల పేరుమీదే పెరుగుతుంది. 2025 మే నుంచి ఈ సరుకుల ఖర్చుకు కేంద్రం ఖరారు చేసిన రేటు ప్రాథమిక విద్యార్థికి 6 రూపాయల 78 పైసలు, ప్రాథమికోన్నత విద్యార్థికి 10 రూపాయల 17 పైసలు.

ఇక ఈ అన్నం ఎవరికి అన్నది. అమెరికాలో బడి భోజనం ఉచితమా, తగ్గింపు ధరకా అన్నది చాలాచోట్ల కుటుంబ ఆదాయాన్ని బట్టి తేలుతుంది. ఇక్కడ ఆదాయ పత్రం అడగరు, బడి ఎవరిదో చూస్తారు. భూస్వామి బిడ్డ సర్కారు బడిలో ఉంటే అన్నం పెడతారు. రేషన్ కార్డున్న కూలీ బిడ్డ అప్పుచేసి ప్రైవేటు బడిలో చేరితే, ఆ బడికి ఎయిడ్ లేనంతవరకు ఈ పథకం వర్తించదు.