సూదంటురాతికి లొంగిన ద్రవము

మీ యింటి రేడియో పెట్టెలో, లౌడుస్పీకరు వెనుక ఒక అయస్కాంతము కలదు. దాని నడుమనున్న సన్నని సందులో ఒక తీగచుట్ట ఊగుచు, ముందున్న కాగితపు గరాటును కదలించి, మా మాటను మీ చెవికి చేర్చును. గట్టిగా పలికించినకొలది ఆ తీగచుట్ట వేడెక్కును, మితిమీరినచో మాడిపోవును. అందుచేత కొన్ని స్పీకర్లలో, ముఖ్యముగా హెచ్చు స్థాయిని పలికించు చిన్న స్పీకర్లలో, ఆ సందును కొద్ది చుక్కల నల్లని ద్రవముతో నింపుదురు. ఆ ద్రవము వేడిని చుట్టునున్న లోహమునకు చేరవేయును. దానికి మూత లేదు, బిరడా లేదు. అయినను అది కారిపోదు. అయస్కాంతమే దానిని పట్టియుంచును. చిత్రమేమనగా, ఈ ద్రవము పుట్టినది స్పీకరు కొరకు కాదు, రాకెట్టు కొరకు.

ఇనుము సూదంటురాతికి లోబడునని పసిపిల్లలకును తెలియును. అట్లైన, ఇనుమును కరగించినచో అయస్కాంతమునకు లోబడు ద్రవము లభింపదా యని ఎవరికైనను తోచవచ్చును. లభింపదు. సుమారు 770 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమి వద్దనే ఇనుము తన బలమైన అయస్కాంత గుణమును కోల్పోవును. అది కరగుటకో, 1538 డిగ్రీలు కావలెను. కనుక మిగిలిన దారి యొక్కటే: ఘనపదార్థమును మెత్తగా నూరి ద్రవములో కలుపుట.

పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో గోవిన్ నైట్ అను విద్వాంసుడు ఈ దారిలో కొంత దూరము నడచెను. బ్రిటిష్ మ్యూజియమునకు ప్రథమ గ్రంథాలయాధిపతి యాయనయే. ఆయన పద్ధతిని, ఆయన మరణానంతరము, 1779లో బెంజమిన్ విల్సన్ ప్రకటించెను. నైట్ ఇనుప రజనును నీటితొట్టిలో వేసి, ఆ తొట్టిని గంటలకొలది ఊపుచుండెడివాడు. రజను తనలో తాను రాచుకొని, మిక్కిలి సన్నని పొడి నీటిలో తేలి, నీరు బురదవలె నగుచుండెను. ఆ నీటిని వేరొక పాత్రలో వంచి కదలకుండ నుంచినచో, సున్నపునీటిలో సున్నమువలె పొడి అడుగునకు దిగుచుండెను. ఆయనకు కావలసినది ఆ పొడియే. దానిని అవిసెనూనెతో ముద్దచేసి కృత్రిమమైన సూదంటురాళ్లను తయారుచేసెను. పొడి అడుగునకు దిగుట ఆయనకు మేలైనది. అట్లు దిగకుండ నిలుపుట ఎట్లన్న సమస్య తరువాతి వారికి మిగిలినది.

1938లో అమెరికాలో ఎల్మోర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు మాగ్నెటైట్ అను నల్లని ఇనుప ఖనిజపు సూక్ష్మకణములు తేలియాడు ద్రవమును తయారుచేసి, లోహముల అయస్కాంత నిర్మాణమును పరిశీలించుటకు వాడెను. 1948 ప్రాంతమున రాబినోవ్ అను ఇంజనీరు నూనెలో ఇనుప పొడిని కలిపి, యంత్రములకు క్లచ్చిగా ఉపయోగించెను. కాని అందలి కణములు పెద్దవి. అయస్కాంతము దగ్గరకు రాగానే ఆ మిశ్రమము ఘనపదార్థమువలె బిగిసికొనును.

అంతట అంతరిక్ష యుగము వచ్చినది. భారరహిత స్థితిలో ట్యాంకులోని ఇంధనము అడుగున నిలువదు. ముద్దలు ముద్దలుగా తేలిపోవును. ఇంజను మరల రాజేయవలెనన్న, గొట్టము నోటికి ఇంధనము అందదు. క్లీవ్‌లాండులోని నాసా పరిశోధనాకేంద్రమున పనిచేయుచుండిన స్టీఫెన్ పాపెల్, ఇంధనమునే అయస్కాంతముతో లాగిన నేమని యోచించెను. మాగ్నెటైట్‌ను కిరసనాయిలువంటి ద్రవములోను ఓలియిక్ ఆమ్లములోను కలిపి, గుండ్లమరలో దినములకొలది నూరించెను. 1963లో పేటెంటుకు దరఖాస్తు చేయగా, 1965లో అది మంజూరైనది.

రహస్యమంతయు కణముల పరిమాణములో నున్నది. ఒక్కొక్క కణము సుమారు 10 నానోమీటర్లు, అనగా మిల్లీమీటరులో లక్షవ వంతు. అంత చిన్న కణమును చుట్టునున్న ద్రవపు అణువులు ఎడతెగక తాకి కదలించుచుండును. కావున అది అడుగునకు దిగదు. ఓలియిక్ ఆమ్లపు అణువు ఒక కొనతో కణమును పట్టుకొని, రెండవ కొనను నూనెలోనికి చాపును. ఈ కవచము కణములను ఒకదానికొకటి అంటుకొననీయదు. అయస్కాంతము దగ్గరకు వచ్చినను ఈ మిశ్రమము ద్రవముగానే యుండును.

అయినను రాకెట్టులు ఈ ఇంధనమును స్వీకరింపలేదు. చిన్న రాకెట్టులను కొద్దిసేపు మండించి, ఆ తోపుడుచే ఇంధనమును అడుగునకు చేర్చు మార్గమునే అనుసరించినవి. ఏ పనికై పుట్టెనో ఆ పనికే ద్రవము అక్కరలేకపోయినది.

లెక్క అక్కడనే మూసివేసియున్నచో ఈ కథ లేదు. మూసివేయనివాడు రోనాల్డ్ రోజెన్‌స్వైగ్. ఈ ద్రవము దేనికి పనికివచ్చునని కాదు, ఎట్లు ప్రవర్తించునని ఆయన మొదట ప్రశ్నించెను. 1964లో న్యూరింగరుతో కలిసి ఈ ద్రవముల గతిశాస్త్రమునకు పునాది వేసెను. బలమైన అయస్కాంతముపై ద్రవము పనసకాయ తొక్కవలె ముళ్లుముళ్లుగా లేచును గదా, దాని కారణమును 1967లో కౌలీతో కలిసి వివరించెను: అయస్కాంతము పైకి లాగగా, ద్రవపు బరువును తలతన్యతయు అడ్డగించును, ఆ పెనుగులాటలో నిలిచిన రూపమే ఆ ముళ్లు.

ఆ అవగాహనతోనే ఉపయోగములు వచ్చినవి. 1968లో ఆయన మోస్కోవిట్జ్‌తో కలిసి ఫెర్రోఫ్లూయిడిక్స్ అను సంస్థను స్థాపించెను. గాలి తీసివేసిన గదిలోనికి తిరుగుచున్న ఇరుసును పంపవలెనన్న, చుట్టునున్న సందు గుండ గాలి దూరును. ఆ సందున అయస్కాంతముచే నిలిపిన ద్రవపు కంకణము గాలిని ఆపును. ఘనపదార్థముల రాపిడి లేదు కనుక అరుగుదల లేదు. కంప్యూటరు డిస్కులలో దుమ్ము చొరకుండుటకును ఇట్టి కంకణములనే వాడిరి. మన దేశమునను ఈ శాస్త్రము వేళ్లూనినది. 1995లో అయస్కాంత ద్రవములపై అంతర్జాతీయ సదస్సు గుజరాతులోని భావనగరమున జరిగినది.

ఇది దేనికి పనికివచ్చునని పరిశోధకుని అడుగుట లోకమునకు పరిపాటి. పాపెల్ చెప్పిన సమాధానము నెరవేరలేదు. ఆయన చేసిన ద్రవము మాత్రము నిలిచినది. ఇకమీదట స్పీకరునుండి మాట స్పష్టముగా వినవచ్చినప్పుడు, ఆ సందులో రాకెట్టు వదలిపెట్టిన చుక్క యొకటి పనిచేయుచుండవచ్చునని ఒక్కసారి తలచుకొనుడు.