సాయన్న, జి. (1951–2023)

సికింద్రాబాద్ కంటోన్మెంట్ నుంచి అయిదుసార్లు శాసనసభకు ఎన్నికైన నాయకుడు. 1994, 1999, 2004, 2014 ఎన్నికల్లో తెలుగుదేశం తరఫున, 2018లో తెలంగాణ రాష్ట్ర సమితి (టీఆర్‌ఎస్) తరఫున గెలిచారు. 2009లో కాంగ్రెస్ అభ్యర్థి పి. శంకర్రావు చేతిలో ఓడిపోయారు. తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలిలోనూ కొంతకాలం సభ్యులుగా ఉన్నారు. పదవిలో ఉండగానే 2023 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. మంత్రి పదవి చేపట్టకుండానే ఇన్నాళ్లు ఒకే గడ్డమీద నిలదొక్కుకున్న ఈయనను అంచనా వేయాలంటే ముందు ఆ గడ్డ సంగతి తెలుసుకోవాలి.

1798 ఒప్పందం కింద నిజాం రాజ్యానికి వచ్చిన ఇంగ్లీషు సైన్యం హుసేన్‌సాగర్‌కు ఉత్తరాన విడిది చేసింది. ఆ విడిదికి 1806లో నిజాం సికందర్ జా పేరుమీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. ఆ పట్టులో కొంత భాగం నేటికీ కంటోన్మెంటే. ఇంటికి అనుమతి, మురుగుకాలువ, వీధిదీపం, ఆస్తిపన్ను వంటివన్నీ రక్షణ శాఖ కిందనుండే కంటోన్మెంట్ బోర్డు చేతిలో ఉంటాయి. దాని అధ్యక్షుడు సైనికాధికారి. 2006 చట్టం ప్రకారం స్థానిక ఎమ్మెల్యే అక్కడ ప్రత్యేక ఆహ్వానితుడు మాత్రమే, ఓటు లేదు. అంటే జనం ఎమ్మెల్యే గడపకు మోసుకొచ్చే సమస్యల్లో చాలావరకు ఆయన సంతకంతో తీరేవి కావు. ఎస్సీలకు కేటాయించిన ఈ నియోజకవర్గంలో సాయన్నకు దక్కిన ఆదరణను కేవలం అధికారానికి ముడిపెట్టలేకపోవడానికి ఇదే కారణం. ఇలాంటి చోట మాట చెల్లేవాడి కన్నా పిలిస్తే పలికేవాడికి, రాష్ట్ర కచేరీకీ బోర్డు కచేరీకీ మధ్య కాళ్లరిగేలా తిరిగేవాడికే విలువ.

అదంతా పార్టీ గాలి అని కొట్టిపారేసేవారు ఉంటారు. 1994, 1999 విషయంలో ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ఆ రెండుసార్లూ రాష్ట్రమంతా తెలుగుదేశం వైపే మొగ్గింది. 2014 కూడా అంత బలమైన సాక్ష్యం కాదు. బీజేపీతో పొత్తు ఉన్న ఆ ఎన్నికల్లో తెలంగాణలో తెలుగుదేశానికి దక్కిన 15 సీట్లలో ఎక్కువ భాగం జంటనగరాల్లో, వాటి చుట్టుపక్కలే వచ్చాయి. కానీ 2004 లెక్క వేరు. 294 స్థానాల సభలో తెలుగుదేశానికి మిగిలినవి 47. ఎదురుగా కాంగ్రెస్, టీఆర్‌ఎస్ చేతులు కలిపి ఉన్నాయి. ఆ వరదలోనూ కంటోన్మెంట్‌లో సాయన్న నిలిచారు. 2014లో గెలిచాక తెలుగుదేశం వీడి టీఆర్‌ఎస్‌లోకి మారారన్న విమర్శ న్యాయమైనదే. ఒక గుర్తుమీద గెలిచి మరో గుర్తు నీడకు చేరడం ఓటరుకిచ్చిన మాటను పలచన చేస్తుంది. అయితే ఆ తప్పుకు శిక్ష వేయగలిగిన ఓటర్లే 2018లో కాంగ్రెస్ అభ్యర్థి సర్వే సత్యనారాయణపై ఆయనకు 37 వేలకు పైగా ఆధిక్యం ఇచ్చారు. 2009లో ఇదే ఓటర్లు ఆయనను ఇంటికి పంపారన్నదీ మరవకూడదు. అభిమానం ఉంది, దానికి హద్దూ ఉంది.

ఆయన అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరగలేదని మారేడ్‌పల్లి శ్మశానవాటికలో అనుచరులు ఆందోళనకు దిగారు. తుపాకుల గౌరవ వందనం కోసం జనం పట్టుబట్టడం పైకి చిన్న విషయంగా కనిపించవచ్చు. దాని వెనకున్నది మాత్రం తమ మనిషిని సర్కారు తక్కువ చేసిందన్న నొప్పి.

కుటుంబాన్ని రాజకీయాల్లోకి తెచ్చారన్నది మరో ఆక్షేపణ. కూతురు లాస్య నందిత 2016లో కవాడిగూడ కార్పొరేటర్ అయ్యారు, 2020లో ఓడారు, తండ్రి మరణించాక 2023 చివర్లో అదే కంటోన్మెంట్ నుంచి ఎమ్మెల్యే అయ్యారు. ఆ పోటీలో ప్రజాగాయకుడు గద్దర్ కూతురు వెన్నెల కూడా ఉన్నారు. అంటే ఆ ఏడాదే పోయిన ఇద్దరు తండ్రుల జ్ఞాపకాలు ఓటరు ముందు నిలిచాయి. లాస్య గెలుపును పూర్తిగా సాయన్న ఖాతాలో వేయలేం. హైదరాబాద్ జిల్లాలో అప్పుడు కాంగ్రెస్‌కు ఒక్క సీటూ రాలేదు, బీఆర్‌ఎస్‌గా పేరు మారిన టీఆర్‌ఎస్‌కు ఏడు వచ్చాయి. తండ్రి తొలి వర్ధంతి దాటిన నాలుగు రోజులకే, 2024 ఫిబ్రవరి 23న, పటాన్‌చెరు సమీపంలో ఔటర్ రింగ్ రోడ్డుపై జరిగిన కారు ప్రమాదంలో ఆమె మరణించారు. తండ్రికి దక్కని లాంఛనాలు కూతురికి దక్కాయి.

ఉప ఎన్నికలో బీఆర్‌ఎస్ సాయన్న మరో కూతురు నివేదితను నిలబెట్టింది. రెండు చావులు చూసిన ఇంటిమీద సానుభూతి లేదనలేం, అయినా ఆమె మూడో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అంతకుముందు బీజేపీ అభ్యర్థిగా లాస్య చేతిలో ఓడిన శ్రీగణేశ్ ఈసారి కాంగ్రెస్ గుర్తుమీద గెలిచారు. సాయన్నకు దక్కిన ప్రేమ వారసత్వపు ఆస్తే అయితే ఆ సీటు ఆ ఇంట్లోనే ఉండాలి. కంటోన్మెంట్ ఓటరు మాత్రం పెద్దాయన మీది మమకారాన్నీ, 2024 మే నాటి ఓటునూ వేర్వేరుగానే చూశాడు.