చదివిపెట్టే గొంతు

 1963లో అండమాన్ దీవుల్లోని అప్పటి పోర్ట్ బ్లెయిర్‌లో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. ఆ తర్వాత చాలాకాలం దీవుల్లో చెవికి కాలక్షేపమంటే రేడియోయే. 2011 జనగణన లెక్కన అండమాన్ నికోబార్‌లో వందకు 13 మంది మాతృభాష తెలుగు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చింది. అంతకుముందు ఉపగ్రహం మీద ఈడ్చుకొచ్చిన ఇంటర్నెట్ ఊపందుకుంది, ఫోన్‌లో పుస్తకం వినడమూ తేలికైంది. ఆ చదివేది మనిషే కానక్కర్లేదు.

1935లో బ్రిటన్‌లో అంధుల కోసం రికార్డుల మీదికెక్కిన పుస్తకాలను చదివింది మనుషులే. అచ్చుపేజీ చూసి తనంతట తాను చదివే కుర్జ్‌వైల్ యంత్రం 1976లో వచ్చింది.

మన భాషల దారి వేరు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పరిశోధన చేసిన కిశోర్ ప్రహ్లాద్, మరో పరిశోధకుడు అలన్ బ్లాక్‌తో కలిసి 2003లో హిందీ మీద ఒక పరీక్ష చేశారు. రికార్డు చేసిన మాటల్ని చిన్నచిన్న ధ్వనులుగా కాక అక్షరాలుగా కోసి అతికిస్తే వినసొంపుగా ఉంటుందని తేలింది. గుణింతాలు దిద్దిన వాళ్లకు ఇందులో వింతేముంది! 2012లో అదే సంస్థ తెలుగుతో కలిపి ఏడు భాషల్లో, భాషకు వెయ్యి వాక్యాల చొప్పున, చదివించి విడుదల చేసింది. వాక్యాలు వికీపీడియావి. యంత్రం గొంతు వెనక స్టూడియోలో కూర్చున్న మనిషి ఉన్నాడన్నమాట.

రాసినట్టే చదువుతామని మనకో ధీమా. "చలి", "చలనం" పైకి చదివి చూడండి: మొదటి అక్షరం ఒకటే, పలుకు రెండు. బ్రౌన్ నిఘంటువు దీనికి ౘ, ౙ గుర్తులు వాడింది. అచ్చులో అవి మనం ఎప్పుడో వదిలేశాం, యంత్రానికి ఆ తేడా పేజీలో కనబడదు. అంకెలదీ ఇదే తంటా. 1963 సంవత్సరమైతే పంతొమ్మిది వందల అరవై మూడు, రూపాయలైతే వెయ్యిన్ని తొమ్మిది వందల అరవై మూడు.

2016లో వేవ్‌నెట్ అనే నమూనాతో, ముక్కలు అతికించకుండా ధ్వనిని తనే పుట్టించే న్యూరల్ పద్ధతి వచ్చాక అతుకులు వినబడడం తగ్గింది. యాస మాత్రం అతకలేదు. అండమాన్ తెలుగువాళ్లలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాలవి. ఆ తీరం యాసలో కథలు రాసిన రావిశాస్త్రి పాత్రల మాటల్ని వికీపీడియా వాక్యాలతో పెరిగిన గొంతుకు అప్పగిస్తే, కోర్టు మెట్ల దగ్గరి తగువు కూడా ప్రాంతీయ వార్తల్లా వినిపిస్తుంది.